వస్త్రతపస్వి మగన్‌లాల్ గాంధీ

పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి మన దేశంలోని అనేక ప్రాంతాలలో మగ్గం మిగిలింది గాని రాట్నం మిగలలేదు. ఇంగ్లాండులోని లాంకషైర్ మిల్లులు, వాటి వెనువెంటనే బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులు చవకైన నూలును గుట్టలుగా ఉత్పత్తి చేయసాగాయి. నేతగాడు ఆ నూలును అంగడిలో కొని తన తాతలనాటి మగ్గంమీదనే నేయగలిగాడు గనుక అరకొరగానైనా వృత్తిని నిలుపుకొన్నాడు. ఇంటిపట్టున ఉండి నూలు వడికే స్త్రీకి మాత్రం ఆ అవకాశం లేకపోయింది. ఆమె నూలును కొనేవారే కరవైనారు. రాట్నం అటకెక్కింది. ఒకటి రెండు తరాలు గడిచేసరికి కదురు ఎట్లా నిలపాలో, ఏకు ఎట్లా పట్టాలో తెలిసినవారు సైతం పలుచోట్ల అరుదైపోయారు. పోయిన ఆ విద్యను వెదకి తెచ్చి, దానికి శాస్త్రరూపం ఇచ్చి, తిరిగి ఇంటింటికీ అందించడానికి తన జీవితాన్ని ధారపోసిన వ్యక్తి మగన్‌లాల్ గాంధీ. ఖాదీ అనగానే అందరికీ మహాత్మాగాంధీ పేరు స్ఫురిస్తుంది. అది సహజమే. కాని గాంధీజీ సంకల్పానికి చేతులు, కన్నులు అయి పనిచేసినవాడు మగన్‌లాల్ అని గాంధీజీయే పలుమార్లు అంగీకరించారు.

మగన్‌లాల్ 1883లో జన్మించారు. తండ్రి ఖుశాల్‌చంద్ గాంధీ మహాత్మునికి పినతండ్రి వరుస వారి కుమారుడు. అందుచేత మగన్‌లాల్ గాంధీజీకి అన్నకుమారుడి వరుస అవుతారు. 1903లో గాంధీజీ వెంట ఆయన దక్షిణాఫ్రికాకు ప్రయాణమైనప్పుడు మనసులో దేశసేవ తలపు ఏదీ లేదు. నాలుగు డబ్బులు గడించి, కుటుంబాన్ని ఒడ్డున పడవేయాలన్నదే ఆ యువకుని ఆశ. నేటాల్‌లో దుకాణం పెట్టారు. వ్యాపారం సాగుతుండగానే, ఏడాది తిరిగీ తిరగకముందే, గాంధీజీ ఫీనిక్స్ ఆశ్రమాన్ని స్థాపించి, కోరి పేదరికాన్ని వరించగలవారిని రమ్మని పిలిచారు. మగన్‌లాల్ దుకాణం కట్టిపెట్టి వచ్చేశారు. ఆ పని చేయకపోయి ఉంటే ఆయన గొప్ప వర్తకుడై ఉండేవాడని గాంధీజీ తరువాతి కాలంలో అభిప్రాయపడ్డారు.

ఫీనిక్స్‌లో ఆయనలోని మరొక మనిషి బయటపడ్డాడు. అంతకుముందు ఏ పనిముట్టూ చేతపట్టి ఎరుగని ఆ యువకుడు ముద్రణాలయంలోని యంత్రాలను కొద్దికాలంలోనే వశపరచుకొన్నారు. అక్షరాలు కూర్చడం నేర్చారు. ఇండియన్ ఒపీనియన్ పత్రిక గుజరాతీ విభాగానికి సంపాదకత్వపు పనిలో తోడ్పడ్డారు. పొద్దు వాలితే తోటపని. ఫీనిక్స్‌లో అన్నిటికన్న చక్కని తోట మగన్‌లాల్‌దేనని ప్రతీతి. దక్షిణాఫ్రికాలో భారతీయులు సాగిస్తున్న పోరాటానికి తగిన పేరు సూచించవలసిందిగా ఆ పత్రిక పాఠకులను కోరినప్పుడు ఆయన సదాగ్రహం అనే మాటను పంపి బహుమతి పొందారు. గాంధీజీ దానిని కొద్దిగా సవరించి సత్యాగ్రహం అన్నారు. ప్రపంచమంతా ఎరిగిన ఆ పదానికి తొలిరూపం మగన్‌లాల్ మేధలో పుట్టినదన్న సంగతి చాలామందికి తెలియదు.

1914లో ఫీనిక్స్ బృందం స్వదేశానికి మరలింది. గాంధీజీ ఇంగ్లాండు మీదుగా రావలసి ఉండడంతో పిల్లలను వెంటబెట్టుకొని రావలసిన బాధ్యత మగన్‌లాల్‌పై పడింది. కొంతకాలం కాంగడీ గురుకులంలోను, తరువాత శాంతినికేతనంలోను ఆ బృందం తలదాచుకొన్నది. 1915 మే నెలలో అహమ్మదాబాదు సమీపాన కోచ్రబ్‌లో ఆశ్రమం వెలసింది. గాంధీజీ ఆ నగరాన్ని ఎంచుకోవడానికి గల కారణాలలో ఒకటి అది పూర్వకాలంనుండీ చేనేతకు ప్రసిద్ధమైన పట్టణం కావడం. చేనేతకు పేరుపడిన ఆ ఊరే అప్పటికి మిల్లుల పొగగొట్టాలకూ ప్రసిద్ధమైంది.

ఆశ్రమం నెలకొన్న కొద్ది మాసాలకే ఒక పెద్ద పరీక్ష ఎదురైంది. దూదాభాయి అనే ఉపాధ్యాయుడు, ఆయన భార్య దానీబెన్, పసిబిడ్డ లక్ష్మి ఆశ్రమంలో చేరారు. వారిది అస్పృశ్యులని సమాజం వెలివేసిన కులం. దాతలు సహాయం నిలిపివేశారు. వచ్చే నెలకు చేతిలో పైసా లేదన్న వార్తను గాంధీజీకి తెలియజేసినవారు మగన్‌లాలే. అయితే ఆయనకు కలిగిన కష్టం డబ్బుతో తీరేది కాదు. తరతరాల ఆచారం ఆయన మనసునూ, భార్య సంతోక్‌బెన్ మనసునూ పట్టి లాగింది. దంపతులు మూట కట్టుకొని సెలవు తీసుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. గాంధీజీ వారిని విడిచిపెట్టలేదు. నేతపని నేర్చుకొని రమ్మని మద్రాసుకు పంపారు. ఆరు నెలలు అక్కడ మగ్గం ముందు గడిపి, తమలో తాము తర్కించుకొని, అస్పృశ్యతాభావాన్ని మనసులోనుండి కడిగివేసుకొని వారు తిరిగి వచ్చారు. గొప్పవారి చరిత్రలలో ఇటువంటి తడబాటును దాచిపెట్టడం పరిపాటి. మగన్‌లాల్ విషయంలో దానిని దాచడం అన్యాయమే అవుతుంది. ఆయన నేర్చిన నేతవిద్యకూ, ఆయన జయించిన ఆ సంకోచానికీ ఒకే కాలం, ఒకే ఊరు సాక్షి.

ఆశ్రమవాసులు తమ చేతులతో నేసుకొన్న బట్టనే ధరించాలని గాంధీజీ నిశ్చయించారు. సంకల్పం ఘనమైనదే గాని, అక్కడ చేరినవారిలో ఒక్కరూ చేతివృత్తులవారు కారు. అందరూ ఉద్యోగాలనుండో వ్యాపారాలనుండో వచ్చినవారే. రాట్నమే భారతదేశ దారిద్ర్యానికి మందు అని అంతకు కొన్నేళ్ల పూర్వమే రాసిన గాంధీజీ అప్పటికి రాట్నాన్ని కంటితో చూసి ఉండలేదు. మగ్గాలు తెచ్చారు, నిలబెట్టారు. నేర్పేవారు కావాలి. ఎట్టకేలకు పాలన్‌పూర్‌నుండి ఒక నేతగాడు వచ్చాడు గాని, తన విద్యలోని మర్మమంతా విప్పి చెప్పలేదు. కడుపు నింపే విద్యను పరాయివారికి పూర్తిగా ఇచ్చివేయడానికి అతడు వెనుకాడి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. మగన్‌లాల్ నిరాశ చెందలేదు. యంత్రపు గుట్టును చూపుతోనే పసిగట్టగల సహజశక్తి ఆయనకు ఉంది. పడుగు పోయడం, గంజి పెట్టడం, అచ్చులోనుండి పోగులు తీయడం, నాడె ఆడించడం ఒక్కొక్కటే సాధించారు. తరువాత ఒకరి వెంట ఒకరిని కూర్చుండబెట్టి నేర్పారు. మిల్లుబట్టను విడిచి, ఆశ్రమవాసులు తమ చేనేతబట్టను కట్టారు.

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. బట్ట చేతిది, నూలు మిల్లుది. దేశంలోని నేతగాండ్రలో అనేకులు విదేశపు నూలునే వాడుతున్నారు. స్వదేశపు మిల్లులు సన్ననూలు తగినంతగా వడకడం లేదు. వడికినదానిని బయట అమ్ముకొనేకన్న తామే నేసుకోవాలని చూస్తున్నాయి. స్వదేశపు మిల్లునూలుతో నేసిపెట్టేవారిని వెదకి పట్టుకోవడమే ఆశ్రమానికి గగనమైంది. నూలు కోసం ఈ విధంగా ఎదురుచూస్తున్నంతకాలం ఆశ్రమం మిల్లులకు ఉచితంగా పనిచేసే ప్రచారకసంఘమే తప్ప వేరు కాదని గాంధీజీకి, మగన్‌లాల్‌కు స్పష్టమైంది. నూలు వడకాలి. అందుకు రాట్నం కావాలి. అది ఎక్కడ ఉంది?

ఈ అన్వేషణ సాగుతుండగా 1917లో కోచ్రబ్‌లో ప్లేగు సోకింది. ఆశ్రమాన్ని సబర్మతీనది ఒడ్డుకు తరలించారు. ఇల్లు లేదు, చెట్టు లేదు. కాన్వాసు గుడారాలు, రేకుల వంటశాల, చుట్టూ పాములు. గాంధీజీ చంపారన్‌లో రైతుల పనిమీద ఉండగా నలభైమంది మంచిచెడ్డల భారం మగన్‌లాల్ మీదనే నిలిచింది. 1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికులు గాంధీజీ నాయకత్వాన సమ్మె చేశారు. పస్తులుండవలసి వచ్చిన కార్మికులకు పని చూపవలసిన అవసరం ఏర్పడింది. ఆశ్రమంలో నేతశాలకు పునాదులు తీసి ఉన్నాయి, వాటిని పూడ్చడానికి ఇసుక కావాలి, ఆ పని వారికి ఇవ్వవచ్చునని మగన్‌లాల్ సూచించారు. అనసూయాబెన్ తొలి గంప నెత్తికెత్తుకొన్నారు. నది గర్భంనుండి ఇసుకగంపలతో కార్మికులు బారులు తీరి వచ్చారు. మరమగ్గాలమీద బతికే మనుషులు ఆ మగ్గాలు ఆగిపోయిననాడు చేతిమగ్గాల శాలకు పునాది నింపారు. చరిత్ర ఒక్కొక్కసారి ఎవరూ తలపెట్టని విధంగా ఇటువంటి చిత్రాలు కల్పిస్తుంది.

రాట్నం చివరకు ఒక స్త్రీ పట్టుదలవల్ల దొరికింది. భరూచ్‌లో 1917లో జరిగిన విద్యాసభలో గాంధీజీకి గంగాబెన్ మజుందార్ అనే వితంతువుతో పరిచయమైంది. ఆమె గొప్ప సాహసి. గుర్రంమీద ఊరూరా ఒంటరిగా తిరిగి వచ్చేది. రాట్నాన్ని వెదకి తెస్తానని ఆమె మాట ఇచ్చింది. గుజరాత్ అంతటా గాలించగా బరోడా సంస్థానంలోని వీజాపూర్‌లో అవి కనిపించాయి. చాలామంది ఇండ్లలో రాట్నాలు ఉన్నాయి. అన్నీ పనికిరాని కట్టెలుగా అటకలమీద పడి ఉన్నాయి. ఎవరైనా ఏకులు ఇచ్చి, వడికిన నూలును కొనేటట్లయితే తిరిగి దింపుతామని అక్కడి స్త్రీలు చెప్పారు. ఎంత చిన్న షరతు! ఆ రెండూ లేకనే దేశవ్యాప్తమైన ఒక పరిశ్రమ అటకమీద దుమ్ము కప్పుకొని పడి ఉంది.

బొంబాయి మిల్లుయజమాని ఉమర్ సోబానీ తన మిల్లునుండి ఏకులు పంపారు. నూలు వరదలా వచ్చిపడసాగింది. కాని మిల్లు ఏకులు వాడే పక్షంలో మిల్లు నూలు వాడితే తప్పేమిటన్న ప్రశ్న గాంధీజీని కుదురుగా ఉండనీయలేదు. పూర్వులకు ఏకులు ఏ మిల్లు పంపింది? గంగాబెన్ మళ్లీ బయలుదేరింది. నెలకు ముప్పై అయిదు రూపాయల జీతంమీద దూదేకేవాడు ఒకడు దొరికాడు. ఆ కాలానికి అది తక్కువ సొమ్మేమీ కాదు. అతని వద్ద పిల్లలకు ఏకుడు నేర్పించారు. ఈ విధంగా వస్త్రంనుండి నూలుకు, నూలునుండి ఏకుకు, ఏకునుండి పత్తికి ఒక్కొక్క మెట్టూ వెనుకకు దిగిపోతూ ఆశ్రమం తన పరాధీనతను తెంచుకొన్నది. దిగిన ప్రతి మెట్టు వద్దా ఒక పనిముట్టు అవసరమైంది. ఆ పనిముట్లను చేసి పెట్టినది సబర్మతిలో మగన్‌లాల్. రాట్నంలో ఎన్నో మార్పులు చేశారు. రాట్నాలు, వాటి విడిభాగాలు ఆశ్రమంలోనే తయారయ్యాయి.

ఆశ్రమంలో తయారైన తొలి ఖాదీ గజం పదిహేడు అణాలు పడింది. బట్ట ముతక, ధర అధికం. గాంధీజీ మొగమాటం లేకుండా స్నేహితులకు ఆ ధరకే అంటగట్టారు. పన్నా ముప్పై అంగుళాలకు మించకపోవడంతో ధోవతి పొట్టిదయ్యేది. నెలలోగా నలభై అయిదు అంగుళాల పన్నాగల ధోవతి అందించకపోతే పొట్టి ధోవతితోనే కాలం గడుపుతానని గాంధీజీ గంగాబెన్‌కు గడువు పెట్టారు. గడువులోపలనే ఆమె జత ధోవతులు పంపింది. ఇంచుమించు అదే సమయంలో లాఠీ గ్రామంనుండి రామ్‌జీ అనే నేతగాడు భార్యతోసహా ఆశ్రమానికి వచ్చాడు. ఈ దంపతులు ఎందరికో నేత నేర్పారు.

ఇంతవరకు జరిగినది ఒక ఆశ్రమం కథ. 1921లో అది దేశం కథ అయింది. ఆ ఏడాది వసంతంలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం జూన్ ముగిసేలోగా ఇరవై లక్షల రాట్నాలను ఇండ్లలో నెలకొల్పాలని తీర్మానించింది. వడ్రంగులు తోచినట్లు రాట్నాలు చెక్కారు. ఊగిపోయే చక్రాలు, వంకర కదుళ్లు. ఉత్సాహంతో వడికిన నూలు ఒకచోట తాడులాగా, మరొకచోట వెంట్రుకలాగా ఉండేది. పడుగులో వేస్తే అచ్చు రాపిడికి పుటుక్కున తెగిపోయేది. నేతగాండ్రు దానిని ముట్టుకోవడానికి ఇష్టపడలేదు. తెగిన ప్రతి పోగునూ అతికి కూర్చుంటే వారి రోజుకూలి గిట్టదు. దేశభక్తితో వడికిన నూలు మూటలలో పడి ఉండిపోయే ప్రమాదం ఏర్పడింది. ఉపన్యాసాలవల్ల తీరే ఇబ్బంది కాదిది.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసులో అఖిల భారత ఖాదీ మండలి ఏర్పడింది. సాంకేతిక విభాగం మగన్‌లాల్ చేతికి వచ్చింది. 1924 చివర బెల్గాం కాంగ్రెసు సభ్యత్వ రుసుముగా డబ్బుకు బదులు నెలకు రెండువేల గజాల నూలు ఇవ్వాలని నిర్ణయించింది. ప్రముఖ న్యాయవాదులు మొదలుకొని విద్యార్థులవరకు వడికిన నూలు పోగుపడింది. దానిని తూచి, కొలిచి, సాగదీసి, గుణదోషాలు నిర్ణయించే పద్ధతి కావాలి. నూలు సన్నదనాన్ని నంబరులో చెప్తారు. ఎనిమిదివందల నలభై గజాల చిలప ఒకటైతే, ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది అన్నో నంబరు నూలు. నంబరు ఒక్కటే చాలదు. పోగు అంతటా ఒకే మందం ఉన్నదా, తగినంత పురి ఎక్కిందా, ఎంత బరువుకు తెగుతుంది అనేవి చూడాలి. మిల్లులు తమ నూలుకు పెట్టే పరీక్షలనే గుడిసెలో వడికిన నూలుకూ పెట్టాలన్నది మగన్‌లాల్ పట్టు. చేతితో చేసినది గనుక లోపాలు క్షమించాలన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. సబర్మతిలోని ఖాదీ విద్యాలయంలో పలు ప్రాంతాల యువకులు గింజ తీయడం మొదలు నేతవరకు క్రమబద్ధంగా అభ్యసించి, తమ ఊళ్లకు తిరిగివెళ్లి నేర్పేవారు. తన అనుభవాన్నంతా క్రోడీకరించి మగన్‌లాల్ గుజరాతీలో చరఖాశాస్త్ర అనే గ్రంథం రాశారు.

ఇక్కడ తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం ఒకటి ఉంది. గుజరాత్‌లో అటకలమీద వెదకవలసి వచ్చిన విద్య శ్రీకాకుళం ప్రాంతంలోని పొందూరు పరిసరాలలో ఎన్నడూ తెగిపోలేదు. అక్కడి స్త్రీలు వాలుగచేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకు చేసి, మిల్లులకు సైతం ఈర్ష్య కలిగించే సన్ననూలు వడుకుతూనే ఉన్నారు. ఆ నూలు గాంధీజీ మెప్పు పొందింది. ఖాదీ అంటే ముతకగుడ్డ అనుకొనేవారికి పొందూరు బట్ట ప్రత్యక్షసమాధానమైంది.

మగన్‌లాల్ అందరికీ ప్రీతిపాత్రుడేమీ కాదు. ఆశ్రమనిర్వహణలో ఆయన కఠినుడు. వేకువ ప్రార్థనకు ఆలస్యమైనా, పైసా లెక్క తప్పినా ఊరుకొనేవారు కారు. ఆయనమీద ఫిర్యాదులు గాంధీజీకి చేరుతూనే ఉండేవి. ఆ మాటలన్నీ విన్నప్పటికీ గాంధీజీ ఆయనను ఆ బాధ్యతనుండి తప్పించలేదు. బయట లోకమంతా గాంధీజీని చూస్తున్నది. ఆశ్రమంలో దీపం వెలిగిందా, మగ్గంమీద పని సాగిందా, వంటశాలకు ధాన్యం వచ్చిందా అని చూసే మనిషి ఒకరు ఉండాలి. దృఢమైన శరీరాన్ని ఆ చాకిరీలో ఆయన అరగదీసుకొన్నారు.

1928లో ఆయన కుమార్తె రాధ బీహారులో ఉన్నది. ఘోషాపద్ధతికి వ్యతిరేకంగా అక్కడి స్త్రీల మధ్య పనిచేస్తున్నది. ఆమెను చూడడానికి, మరికొంత పని చక్కబెట్టడానికి మగన్‌లాల్ బీహారు వెళ్లారు. అక్కడ జ్వరం తగిలింది. కొద్దిరోజులలోనే ముదిరింది. ఏప్రిల్ 23న పాట్నాలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు నలభై అయిదేండ్లు. సబర్మతికి వార్త అందినప్పుడు గాంధీజీ కుంగిపోయారు. సంతోక్‌బెన్ రోదన వినిపిస్తుండగా ఆయన యంగ్ ఇండియా పత్రికకు సంతాపవ్యాసం రాశారు. ఆమెకంటె తనకే ఎక్కువ నష్టం వాటిల్లిందని అందులో తలపోశారు. మరణాలను ఎంతో నిబ్బరంతో స్వీకరించే మనిషి అంతగా చలించడం ఆశ్రమవాసులు అరుదుగా చూశారు.

మరుసటి సంవత్సరం అఖిల భారత చరఖా సంఘం పక్షాన ఒక పోటీ ప్రకటించారు. గుడిసెలో ఒక స్త్రీ ఎక్కువ శ్రమ లేకుండా రోజుకు ఎనిమిది గంటలు తిప్పగలిగి, నూటయాభై రూపాయల ధరకు మించకుండా, విరివిగా మంచి నూలునిచ్చే రాట్నాన్ని రూపొందించినవారికి లక్ష రూపాయల బహుమానం. దేశవిదేశాల నిపుణులు ప్రయత్నించారు. ఆ బహుమానం ఎవరికీ దక్కలేదు. మగన్‌లాల్ జీవించి ఉంటే ఏమయ్యేదో అని అనుకొన్నవారు లేకపోలేదు.

గ్రామపరిశ్రమల సంఘానికి జమ్నాలాల్ బజాజ్ వార్ధాలో ఇచ్చిన తోటకు గాంధీజీ మగన్‌వాడి అని పేరు పెట్టారు. 1938 డిసెంబరు 30న అక్కడే మగన్ సంగ్రహాలయాన్ని ప్రారంభించారు. గింజ తీసే చరఖీలు, ఏకే విల్లులు, ప్రాంతప్రాంతాల రాట్నాలు, మగ్గాలు, నూలు నమూనాలు అందులో కొలువుదీరాయి. సబర్మతి ఆశ్రమంలో మగన్‌లాల్ కుటుంబం నివసించిన చిన్న ఇల్లు మగన్ నివాస్ అనే పేరుతో నేటికీ ఉంది. గాంధీజీ నివసించిన హృదయకుంజ్‌కు వచ్చే యాత్రికులు ఆ ఇంటి ముందునుండే నడిచి వెళ్తారు.